వాగు ఒడ్డున నిలవని మూడో శిలాఫలకం

మంత్రుల పేషీలలో కొత్తగా చేరిన యువతీయువకులు అప్పుడప్పుడు తిరువూరులోని మా ఇంటికి వచ్చి, ఆ పనిలోని మెలకువలు చెప్పమని అడుగుతుంటారు. దస్త్రం ఎలా నడపాలో, పర్యటన కార్యక్రమం ఎలా తయారుచేయాలో ప్రభుత్వమే శిక్షణ ఇచ్చి నేర్పుతుంది. కనుక ఆ సంగతులు రాయను. నాకు ఏ హోదా ఎప్పుడు వచ్చిందో కూడా రాయను. ఆ విషయం మా ఇంట్లోవారికే ఆసక్తి కలిగించలేదు. ఆంతరంగిక కార్యదర్శిగా ఎవరి దగ్గర ఏమి నేర్చుకున్నానో, అంతవరకే చెప్పదలచాను.

బంతిపూల వాసన

పేషీని తలుచుకుంటే నాకు మొదట గుర్తుకు వచ్చేది వాసన. ఉదయం వేసిన బంతిపూల దండలు మధ్యాహ్నానికి ఒక మూల కుప్పగా పడి వాడుతూ ఉండేవి. ఆ వాసన, ఫ్లాస్కులో మగ్గిపోయిన టీ వాసన, బస్సుల్లో నిలబడి వచ్చిన మనుషుల చెమట వాసన కలిసి ఆ గది గాలి వేరుగా ఉండేది. బయట తెల్లని అంబాసిడర్ కారు, దాని సీట్ల మీద ఉతికిన తువ్వాళ్లు. ముందు సీటులో నేను, నా ఒడిలో వినతిపత్రాల సంచి. ఆ కార్లు పోయి చాలాకాలమైంది. అయినా వేసవిలో విస్సన్నపేట దాటి మామిడితోటల మధ్య బస్సులో వెళుతున్నప్పుడు, కిటికీలోంచి పచ్చికాయల వాసన లోపలికి వస్తే, నా చేయి తనంతట తానే ఒడిలో ఆ సంచిని వెతుకుతుంది.

నేను మొదట పనిచేసిన మంత్రిగారి నోట ‘కాదు’ అన్న మాట ఎన్నడూ వినలేదు. ఎవరు ఏమి అడిగినా, భుజం మీద చేయి వేసి, “మీ పని అయిపోయిందనుకోండి” అనేవారు. ఒక ఉపాధ్యాయుడు బదిలీ కోసం వచ్చి ఆ మాట విని వెళ్లాడు. కొద్దిరోజులకు భార్యతో కలిసి లడ్డూల పెట్టె పట్టుకుని వచ్చాడు. దస్త్రం మా గది దాటలేదని నేను మంత్రిగారి చెవిలో చెప్పాను. ఆయన తల ఊపి, ఒక లడ్డూ తీసుకుని తిని, “నెయ్యి బాగుందయ్యా” అన్నారు. దంపతులిద్దరూ ఆయన పాదాలకు నమస్కరించి వెళ్లారు.

బడులు తెరిచాక ఆ ఉపాధ్యాయుడు మళ్లీ వచ్చాడు. ఈసారి మంత్రిగారిని కలుస్తానని అనలేదు. నా బల్ల ముందు కూర్చుని, బదిలీ ఖాయమనుకుని కొత్త ఊళ్లో ఇల్లు అద్దెకు తీసుకున్నామనీ, పిల్లల్ని పాత బడి మాన్పించామనీ చెప్పాడు. “మళ్లీ అదే బళ్లో చేర్చుకోమని ఎవరికైనా ఒక ముక్క చెప్పగలరా అండీ?” అని మాత్రం అడిగాడు. ఫోను చేసి చెప్పాను, చేర్చుకున్నారు. పేషీలో నేను చేసిన ఉపకారాలలో అది మొదటిది. మేము కలిగించిన నష్టాన్ని సరిదిద్దడమే ఆ ఉపకారం.

ఆ మంత్రిగారు దుర్మార్గులు కారు. ఎదుటి మనిషి ముఖం చిన్నబోతే చూడలేనివారు. ఈ వృత్తిలో అటువంటివారు దుర్మార్గులకంటె ఎక్కువ నష్టం చేస్తారని నా అభిప్రాయం. దుర్మార్గుణ్ణి జనం నమ్మరు.

లండన్ డాక్టరుగారి అమ్మాయి

తరువాత నేను సుమిత్రాదేవి గారి పేషీలో చేరాను. ఆమె పుట్టింది బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో, బొగ్గుగనుల మధ్య ఒక లోయలో. ఆమె తండ్రి రంగనాథం గారు తిరువూరులో బట్టల వ్యాపారం చేసే కుటుంబంలో పుట్టి, వైద్యం చదివి, ఆ లోయలో గనికార్మికులకు డాక్టరుగా పనిచేశారు. తాతగారికి జబ్బు చేయడంతో కుటుంబమంతా తిరిగివచ్చింది. అప్పటికి ఆమె బడికి వెళ్లే పిల్ల. ఇంట్లో తెలుగు మాట్లాడేవారు కనుక మాట వచ్చు, అక్షరం రాదు. తోటివారంతా పాఠాలు చదువుతుంటే ఆమె తిరువూరులో ఓనమాలు దిద్దింది. న్యాయశాస్త్రం చదివారు, జిల్లా పరిషత్తులో పనిచేశారు, శాసనమండలికి వెళ్లారు, గ్రామీణాభివృద్ధికి చెందిన ఒక శాఖకు మంత్రి అయ్యారు. ఆ మెట్లన్నీ వర్ణించడం అనవసరం.

మా ప్రాంతంలో ఆమెను లండన్ డాక్టరుగారి అమ్మాయి అనేవారు. ఆమె ప్రతిసారీ సరిదిద్దేవారు. ఒకసారి తిరువూరు బజారులో ఆమె తండ్రిగారి పాత స్నేహితుడు, కిరాణా వ్యాపారి, దుకాణం మెట్లు దిగివచ్చి పలకరించాడు.

“లండన్‌లో పుట్టినదానివి, మన తిరువూరు ఎండలెట్లా తట్టుకుంటున్నావమ్మా?”

“లండన్ కాదు బాబాయిగారూ, వేల్స్.”

“ఏదైతేనేంలే, అదంతా లండనేగా.”

“అట్లాగైతే తిరువూరు కూడా విజయవాడే అనుకోండి.”

“అదెట్లాగమ్మా? మన ఊరు మన ఊరే!”

“నేను చెప్పేదీ అదే బాబాయిగారూ.”

బజారంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. మరుసటి వారం మళ్లీ లండన్ అనే అన్నాడు.

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకోవడం వల్ల కాబోలు, ఆమె తెలుగు కాగితాన్ని వేలు ఆనించి నెమ్మదిగా, చివరిదాకా చదివేవారు. వినతిపత్రాన్ని చివరిదాకా చదివిన మంత్రిని నేను ఆమెను తప్ప చూడలేదు. చదివాక తల ఎత్తి రెండే మాటలలో ఒకటి చెప్పేవారు: “అవుతుంది” లేదా “కాదు”. ‘కాదు’ అన్నప్పుడు ఎందుకు కాదో, ఇంకే దారి ఉందో కూడా చెప్పేవారు. కాని ఆ రెండో భాగం వినే ఓపిక చాలామందికి ఉండేది కాదు. బయటకు వచ్చి నా దగ్గర, “మేడంగారికి బొత్తిగా మొహమాటం లేదండి” అని వాపోయేవారు. పరాయిదేశంలో పెరగడం వల్ల వచ్చిన కరుకుదనమని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

పావురాలు

ఒక ఉదయం నెమలి అనే ఊరిలో వేణుగోపాలస్వామి దర్శనం చేసుకుని బయటకు వస్తున్నాము. గంట మోగగానే గోపురం మీది పావురాలు ఒక్కసారిగా లేచి, చుట్టూ తిరిగి, మళ్లీ ఉన్నచోటే వాలాయి. ఆమె నిలబడి చూశారు. కారులో కూర్చున్నాక తనంతట తానే ఈ సంగతి చెప్పారు.

ఆ లోయలో వాళ్ల ఇంటి వెనుక ఒక ముసలి కార్మికుడు ఉండేవాడట. గనిలో పనిచేసి ఊపిరితిత్తులు బొగ్గుధూళితో నిండిపోయిన మనిషి. పెరట్లో చెక్కగూడు కట్టి, ఎంత దూరాన వదిలినా గూటికి తిరిగివచ్చే పందెపు పావురాలను పెంచేవాడు. పావురాన్ని నొప్పి కలగకుండా ఎలా పట్టుకోవాలో ఆమెకు నేర్పింది అతడే. ఒకనాడు రంగనాథం గారి దగ్గరికి వచ్చి, తాను ఈ చలికాలం దాటుతాడో లేదో నిజం చెప్పమని అడిగాడు. దాటకపోతే పావురాలను ఇప్పుడే ఎవరికైనా అప్పగించాలి, కొత్త గూటికి అలవాటు పడడానికి వాటికి కొంత కాలం కావాలి, అదీ అతని బాధ. డాక్టరుగారు తిరువూరు మనిషి. అతని వీపు తట్టి, మీకేమీ కాదు, వచ్చే వేసవికి మీరే పందెంలో ఎగరేస్తారు అన్నారు.

చలి మొదలవుతూనే అతడు పోయాడు. బంధువెవరో వచ్చి పావురాలను పక్క ఊరికి తీసుకుపోయాడు. వదలగానే అవి తిరిగి వచ్చేశాయి. గూడు తలుపు మూసి ఉంది. గింజలు వేసేవారు లేరు. వానలో ఆ ఇంటి కప్పు మీద వరుసగా కూర్చుని ఉండేవి. ఆమె పడకగది కిటికీలోంచి అవి కనబడేవి.

“నాన్న ఆ కిటికీకి తెర కట్టించారు మూర్తిగారూ” అన్నారామె. కొంతదూరం వెళ్లాక మళ్లీ అన్నారు: “నాన్న చాలా మంచివారు. ఆ మంచితనం వాటికి ఒక్కరోజు కూడా తిండి పెట్టలేదు.”

ఆమె కరుకుదనం పరాయిదేశపు సరుకు కాదని ఆనాడు తెలిసింది. మన మొహమాటాన్ని పరాయిదేశంలో చూసిన పిల్ల ఆమె.

వాగు ఒడ్డున

వినగడప వైపు వెళ్లే దారిలో వాగు అవతల ఒక చిన్న ఊరు ఉంది. దాని పేరు రాయను. వానాకాలంలో వాగు పొంగితే ఆ ఊరికి దారి ఉండదు. వంతెన కావాలని వాళ్లు తాతల కాలం నుంచి అడుగుతున్నారు. ఇవతలి గట్టున అప్పటికే రెండు శంకుస్థాపన శిలాఫలకాలు ఉండేవి. ఒకదాని మీద అక్షరాలు అరిగిపోయాయి. రెండోదానికి ఎవరో గేదెను కట్టేవారు. మూడోది మా మంత్రిగారి పేరుతో చెక్కించి సిద్ధం చేసినవారు మిల్లు సుబ్బారావు గారు. ఆయన ఆ ప్రాంతంలో పార్టీకి పెద్ద, బియ్యం మిల్లు యజమాని. వాగు పొంగిన ప్రతిసారీ ట్రాక్టరు మీద బియ్యం తెచ్చి, నీరు తీసిన వెంటనే అవతలికి చేర్చే మనిషి. ఆయన నిజాయితీ మీద నాకు ఎన్నడూ అనుమానం లేదు.

శంకుస్థాపన ముందురోజు సాయంత్రం తిరువూరు అతిథిగృహంలో సుబ్బారావు గారు మామిడిపండ్ల బుట్ట ఇచ్చి, రేపటి ఏర్పాట్లు చెప్పి వెళ్లారు. ఆయన వెళ్లాక మంత్రిగారు ఇంజనీరును పిలిచి, వంతెనకు మంజూరు వచ్చిందా అని అడిగారు. ప్రతిపాదన పంపామని అతడు అన్నాడు. ఎప్పుడు పంపారని ఆమె అడిగితే, “నేను ఉద్యోగంలో చేరకముందే వెళ్లిందండి” అన్నాడు. నేను కలగజేసుకుని, ఆరోగ్యం బాగాలేదని కార్యక్రమం వాయిదా వేయవచ్చని సూచించాను. అటువంటి సందర్భాలలో అదే పద్ధతి. ఆ పాత సంగతి నా నోటే విన్న ఆమె నా వైపు చూసి, “మీ లడ్డూ మంత్రిగారు కూడా అదే చేసేవారేమో” అన్నారు. తరువాత తహసీల్దారును పిలిపించి చాలాసేపు మాట్లాడారు.

మర్నాడు షామియానా, బ్యాండుమేళం, గంపనిండా దండలు. అవతలి ఊరు ఊరంతా ఎండిన వాగు దాటి వచ్చింది. ఆమె రాయి దగ్గరికి వెళ్లకుండా నేరుగా మైకు ముందుకు వెళ్లారు.

“ఈ వంతెనకు డబ్బు మంజూరు కాలేదు. నా హయాంలో కాదు. నాకు తెలిసినంతవరకు ఆ తరువాత కూడా ఇప్పట్లో కాదు. అందుచేత ఈ రాయి నేను వేయను.”

బ్యాండువాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సుబ్బారావు గారి ముఖం మీది చిరునవ్వు తీసేవారు లేక అలాగే ఉండిపోయింది. ఆడవాళ్లలోనుంచి నడివయసు దాటిన మనిషి ఒకామె లేచింది. పేరు నాగేంద్రమ్మ అని తరువాత తెలిసింది.

“రాదని చెప్పడానికి ఇంత దూరం రావాలా తల్లీ? ఆ ముక్క మాకు వాగే ఏటేటా చెబుతోంది.”

జనం నవ్వారు. మంత్రిగారు నవ్వలేదు.

“వాగు చెబుతోందమ్మా. మాలో ఎవరూ చెప్పలేదు కదా.”

నాగేంద్రమ్మ మైకు అక్కరలేని గొంతుతో చెప్పింది.

“మా ఆయనకి గుండెనొప్పి వస్తే మంచం మీద ఎత్తుకుని ఆ ఒడ్డుకి తెచ్చాం. నీళ్లు తీసిందాకా కూర్చున్నాం. ఇవతల ఈ రెండు రాళ్లూ కనబడతానే ఉన్నాయి. నీళ్లు తీసేసరికి ఆయన లేడు. అంతకు ముందు ఇవతల ఇళ్లస్థలాలిస్తామని గవర్నమెంటోళ్లు వస్తే, వంతెనొస్తుంటే ఊరొదిలిపెట్టడమేంటని పెద్దమనుషుల్లో కూచుని వద్దన్నది ఆయనే.”

వద్దన్న మిగతా పెద్దమనుషులూ ఆ జనంలోనే ఉన్నారు.

“ఆ స్థలాలు ఇంకా అలాగే ఉన్నాయి” అన్నారు మంత్రిగారు. “ముళ్లకంప పెరిగింది, అంతే. మీ పొలాలు అవతలే ఉంటాయి, రోజూ నడవాలి. కాని వాగు పొంగిన రోజున మీ పిల్లలు, మీ ముసలివాళ్లు ఇవతల ఉంటారు. ఇది నా చేతిలో ఉన్న పని, చేస్తాను. వంతెన నా చేతిలో లేదు. వంతెన కోసం ఆగుతారో, ఇవతలికి వస్తారో మీరే తేల్చుకోండి.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దండల గంప దించినచోటే ఉండిపోయింది. తిరుగుప్రయాణంలో కారులో పూలవాసన లేకపోవడం నా ఉద్యోగజీవితంలో అదే మొదటిసారి.

సుబ్బారావు గారి ప్రశ్న

సుబ్బారావు గారు మా వెనుకే అతిథిగృహానికి వచ్చారు. ఆయన కోపంగా అరిచి ఉంటే బాగుండేది. కుర్చీలో కూర్చుని చాలా నెమ్మదిగా మాట్లాడారు.

“మీరన్నది అబద్ధమని నేననడంలేదమ్మా. కాని మనిషికి రేపటి మీద ఆశ లేకపోతే ఎట్లా బతుకుతాడు? వాళ్లకున్నదే అది. ఆ రాయి వేస్తే ఆ ఒక్కరోజైనా పండగ చేసుకునేవాళ్లు.”

“దాన్ని ఆశ అనకండి సుబ్బారావు గారూ. వాళ్లను ఆ రాళ్లకు కాపలా పెట్టాం.”

ఆయన లేచి నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. తరువాత ఎన్నడూ మామిడిపండ్లు పంపలేదు.

ఈ ఘట్టంపై నా తీర్పు అడిగితే నిష్పక్షపాతంగా చెబుతాను. ఆమె చెప్పిన విషయం సరైనది, చెప్పిన క్రమం సరైనది కాదు. తన సొంత మనుషుల ఎదుట ఒక పెద్దమనిషి చిన్నబోయాడు. ముందురోజు సాయంత్రమే ఆయనను వెనక్కి పిలిపించి విషయం చెప్పి, ఇళ్లస్థలాల మాట ఆయన నోటితోనే చెప్పించి ఉంటే ఊరికీ మేలు జరిగేది, ఆయన పరువూ నిలిచేది. ఆ మాట ఆమెకు అప్పుడే చెప్పాను. ఆమె కిటికీవైపు చూస్తూ విన్నారు.

“నిజమే మూర్తిగారూ. పిలిపిద్దామనే అనుకున్నాను. ఆ పండ్లబుట్ట పట్టుకుని నిలబడ్డ మనిషి ముఖం గుర్తొచ్చి, పిలవలేకపోయాను.” ఆగి అన్నారు: “మా నాన్న పోలిక.”

ఊరంతటి ఎదుట ‘కాదు’ అనగలిగిన మనిషి, పండ్లు తెచ్చిన ఒక్కరి ఎదుట అనలేకపోయింది. పేషీలో పనిచేసేవారు ఇది గుర్తుపెట్టుకోవాలి. జనానికి చేదు మాట చెప్పడం అంత కష్టం కాదు. మనకు మేలు చేసిన మనిషికి చెప్పడం కష్టం. మంత్రిగారు అక్కడ తడబడతారు. మంత్రి తడబడేచోట నిలబడి, ఆ మనిషిని పిలిపించి కూర్చోబెట్టడమే కార్యదర్శి పని.

మంత్రివర్గాన్ని మళ్లీ కూర్చినప్పుడు ఆమెకు చోటు దక్కలేదు. కారణం ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడమే పద్ధతి. పేషీ ఖాళీ చేసిన రోజున ఆమె తన కలం, నీళ్లసీసా సంచిలో వేసుకుని, అటెండరుతో సహా ప్రతివారికీ నమస్కారం పెట్టి, మెట్లు దిగి వెళ్లారు. నేను తరువాత మరికొందరి దగ్గర పనిచేశాను. వారందరూ సమర్థులే. కాని కాగితాన్ని వేలు ఆనించి చదివే ఆ దృశ్యం కోసం నా కళ్లు ఉద్యోగం చివరిరోజు దాకా వెతికాయి.

ఉతికే బండ

పోయిన వానాకాలంలో వాగు పొంగిందని విని, వాన వెలిశాక ఆ వైపు వెళ్లాను. వంతెన రాలేదు. ఇవతలి గట్టుకు దూరంగా, మెరకమీద కాలనీ ఉంది. అవతలి ఊరిలో సగానికి పైగా ఇక్కడికి వచ్చేశారు. వాగు హోరు వినబడుతూనే ఉంది. పిల్లలు గొడుగులు చంకన పెట్టుకుని బడికి పోతున్నారు.

కుళాయి దగ్గర నాగేంద్రమ్మ బట్టలు ఉతుకుతోంది. బాగా ముసలిదైంది. నన్ను గుర్తుపట్టి, “మేడంగారి పక్కన సంచి పట్టుకుని నిలబడే సారు గదా” అంది. ఆమె ఉతుకుతున్న బండ నున్నగా, పలకలా ఉంది. నేను దానివైపు చూడడం గమనించింది.

“ఇది మీ మేడంగారి రాయే. ఆ రోజు వెయ్యకుండా పోయిందిగా, సుబ్బారావుగారు తీసుకుపొమ్మన్నారు. పేరున్న వైపు కిందకి పెట్టాం. కాళ్లు తగలగూడదని.”

ఇంటికి వచ్చి ఆ సంగతి ఫోనులో సుమిత్రాదేవి గారికి చెప్పాను. ఆమె ఇప్పుడు విజయవాడలో ఉంటున్నారు. వినికిడి కొంత తగ్గింది. రాయి సంగతి విని చిన్నగా నవ్వారు. తరువాత అవతల ఇంకా ఎన్ని ఇళ్లు ఉన్నాయని అడిగారు. కొన్ని ఉన్నాయని చెప్పాను.

“వాళ్లతో మళ్లీ ఎవరైనా మాట్లాడారా మూర్తిగారూ?”

ఎవరూ మాట్లాడలేదు. అవతల ఉండిపోయిన కుటుంబాలకు పెద్దమనిషి వెంకటేశ్వర్లు గారు, ఆనాడు స్థలాలు వద్దన్నవారిలో మిగిలిన చివరి మనిషి. నీరు తీశాక వాగు ఇసుకలో నడిచి ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన అరుగు మీద మంచంలో కూర్చుని ఉన్నారు. కుశలప్రశ్నలు అయ్యాయి. కాఫీ వచ్చింది. గ్లాసు నా చేతికి ఇస్తూ అడిగారు.

“మీరు పెద్దపెద్దవాళ్ల దగ్గర పనిచేసినవారు. వంతెన వస్తుందంటారా?”

నా ఉద్యోగజీవితమంతా నేర్పిన మర్యాదలన్నీ ఒక్కసారి నాలుక మీదికి వచ్చాయి. ఆయన కాఫీ నా చేతిలో ఉంది.

“రాదండి” అన్నాను.

ఆయన వాగువైపు ఒకసారి చూశారు. కోప్పడతారేమోననుకున్నాను. ఆయన కాళ్లు ముడుచుకుని మంచం మీద నాకు చోటు చేశారు.

“అయితే, ఆ గట్టున స్థలాలు ఇంకా మిగిలున్నాయంటారా?”

“కనుక్కునే వచ్చానండి” అని, ఆయన పక్కన కూర్చున్నాను.